శ్రీహరికోట దాకా సాగనంపిన బ్రహ్మయ్య గారు

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో ఉండే బ్రహ్మయ్య గారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరైనా ఎక్కడికైనా బయల్దేరుతుంటే చూస్తూ కూర్చోలేరు, సాగనంపాలి. గుమ్మంలో నిలబడి చెయ్యూపి లోపలికి వచ్చేస్తే ఆయన దృష్టిలో అది సాగనంపడమే కాదు. వెళ్ళేవాళ్ళు ఎంత దూరం వెళ్తున్నారో కనుక్కుని, అందులో వీలైనంత మేర తానూ వెళ్తారు. వీలు కానిది ఎంతో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేకపోయారు.

సోంపేట నుంచి వచ్చిన బావమరిది తిరిగి వెళ్తుంటే హౌరా స్టేషన్ దాకా దిగబెట్టారు. సామాను సీటు కింద సర్దుతుంటే రైలు కదిలింది. ఖరగ్‌పూర్‌లో దిగి వెనక్కి వచ్చారు. మరుసటి ఏడూ అంతే జరిగింది, సామాను మాత్రం కాస్త తక్కువ. మూడో ఏడు, మధ్యలో దిగడం దేనికని సోంపేట దాకా వెళ్ళిపోయారు. ఇంటికొచ్చిన బావగారిని ఒంటరిగా పంపడం మర్యాద కాదని బావమరిది ఆయన్ని దిగబెట్టడానికి మళ్ళీ హౌరా వచ్చాడు. ఈ రాకపోకలు ఎన్నాళ్ళు సాగేవో గానీ, వెంకటసుబ్బమ్మ గారు భర్తని గదిలో పెట్టి గడియ వేసి, తమ్ముణ్ణి తనే రైలెక్కించి వచ్చారు.

ఒకసారి ఆయనకే నూటరెండు జ్వరం వస్తే డాక్టరుగారు ఇంటికొచ్చి చూశారు. మందు రాసి లేచేసరికి బ్రహ్మయ్య గారు మఫ్లర్ చుట్టుకుని చెప్పులేసుకుంటున్నారు. వద్దు వద్దంటున్నా మోమిన్‌పూర్ దాకా ఆటోలో పక్కనే కూర్చుని, డాక్టరుగారి వాకిట్లో ఆయన్ని దింపి, మెట్ల మీద సొమ్మసిల్లి పడిపోయారు. ఆ డాక్టరుగారు ఇప్పుడు ఖిదిర్‌పూర్ కేసులకి ఫోన్లోనే మందులు చెప్తున్నారు.

గార్డెన్ రీచ్‌లో తెలిసినవాళ్ళ అమ్మాయి పుష్పరాణి పెళ్ళి సంగతి సరే సరి. అప్పగింతలయ్యాయి, అమ్మాయి తల్లి ఏడ్చింది, పూల కారు సందు మలుపు తిరిగింది. తిరిగాక చూస్తే కొత్త పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్యన బ్రహ్మయ్య గారున్నారు. మూడో రోజున అత్తవారు పెట్టిన కొత్త పంచె కట్టుకుని తిరిగొచ్చారు. పుష్పరాణి మాత్రం, ఆ కొత్త ఇంట్లో మొదటి రెండు రోజులూ తనకి తెలిసిన మొహం అదొక్కటేనని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

దీనంతటికీ ఓడరేవు డాకుల్లో చేసిన ఉద్యోగమే కారణమని వెంకటసుబ్బమ్మ గారి అభిప్రాయం. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆయన ఖిదిర్‌పూర్ రేవులో ఓడల తాళ్ళ గ్యాంగులో పనిచేశారు. ఓడ బయల్దేరేటప్పుడు ఒడ్డు మీద గుంజకి చుట్టిన తాడు విప్పి వదలడం ఆయన పని. వేల ఓడల్ని వదిలారు, ఒక్కదాంట్లోనూ ఆయన్ని ఎక్కనివ్వలేదు. ఆ ఉక్రోషమంతా రిటైరయ్యాక మనుషుల మీద తీర్చుకుంటున్నారని ఆవిడ అంటారు.

ఇంత దూరం వచ్చి దిగబెట్టేదీ ఒక షరతు మీదే. వెళ్ళేవాళ్ళు నోరారా "వెళ్ళొస్తాను" అనాలి. "వెళ్తాను" అంటే కుదరదు. ఈ విషయంలో బెంగాలీవాళ్ళంటే ఆయనకి మహా గౌరవం. వాళ్ళు గుమ్మం దిగుతూ "ఆశ్ఛి" అంటారు, అంటే వస్తున్నానని. ఎక్కడికీ వెళ్ళకుండానే వచ్చేస్తున్న ఆ జనాన్ని చూసే తాను కలకత్తాలో యాభై ఏళ్ళు ఉండిపోయానని ఆయన చెప్తారు.

ఇలాంటి ఇంట్లో మేడ మీది గదిలో అద్దెకి దిగాడు హరిచరణ్. జనగామ కుర్రాడు, ఇరవై ఏడేళ్ళు, ఊరికి ఆ చివర సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆఫీసుకి గంటన్నర ప్రయాణమైనా, వంకాయ కూర వండి తెలుగులో పలకరించే ఇల్లు ఇంకెక్కడా దొరకక ఇక్కడే ఉండిపోయాడు. మొదటి రోజు ఆఫీసుకి బయల్దేరుతూ అలవాటు ప్రకారం "పోతున్న తాతా" అన్నాడు. బ్రహ్మయ్య గారు తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టి లేచారు.

"తప్పు బాబూ. మనుసులు ఎల్తారు, పీనుగులు పోతాయి. ఎల్లొస్తానని సెప్పు."

తమ వైపు అందరూ పోతారనీ, పోయి మళ్ళీ వస్తారనీ, అందులో ప్రాణభయం ఏమీ లేదనీ హరిచరణ్ వివరించాడు. ఆయన వినలేదు. ఆ ఏడాదంతా ప్రతి పొద్దునా ఇదే తంతు. హరిచరణ్ "పోతున్న" అనడం, బ్రహ్మయ్య గారు చొక్కా పట్టుకుని ఆపడం, "వెళ్ళొస్త" అనిపించుకుని బస్టాపు దాకా రావడం. రెండుసార్లు సెక్టర్ ఫైవ్ దాకా వచ్చి, ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అతనితో కూడా ఆశ్ఛి అనిపించి వెళ్ళారు.

హరిచరణ్‌కి చిన్నప్పట్నుంచీ రాకెట్ల పిచ్చి. ఇస్రోలో ఇంజనీరు కావాలని మూడుసార్లు పరీక్ష రాశాడు. రెండుసార్లు రాతలోనే పోయింది. మూడోసారి ఇంటర్వ్యూ దాకా వెళ్ళాడు, ఇంట్లో స్వీట్లు కూడా పంచేశారు, రాలేదు. వయసు లెక్కన ఇంకొక్క అవకాశం మిగిలింది. దరఖాస్తుకి ఆఖరి రోజు మంగళవారం. ఫోన్లో ఫారం రెండుసార్లు తెరిచి, పేరు టైపు కొట్టి మూసేశాడు. మళ్ళీ ఓడిపోయే ఓపిక లేదనిపించింది. అలాంటప్పుడు, దానికి రెండు రోజుల ముందు, ఆదివారం సాయంత్రం ఎగిరే రాకెట్‌ని శ్రీహరికోట గ్యాలరీలో కూర్చుని చూడ్డానికి పాసు దొరికింది. ఒక్కటంటే ఒక్కటి. ఇన్నేళ్ళ ఆశకి కనీసం ఒక రాకెట్‌నైనా కళ్ళారా చూసి, అటునుంచి అటే జనగామ వెళ్ళిపోయి, నాన్న ఎరువుల కొట్లో కూర్చోవాలని నిశ్చయించుకున్నాడు. ఉద్యోగానికి రాజీనామా ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాడు. ఈ సంగతి బ్రహ్మయ్య గారి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు. ప్రజ్వల్ అని హైదరాబాదు స్నేహితుడు, వాడికి మాత్రం మేడ మీద నిలబడి ఫోన్లో చెప్పాడు.

మర్నాడు కుక్కర్ తీసుకెళ్ళి పుష్పరాణికి ఇచ్చాడు. పరుపు ఎదురింటివాళ్ళకి ఇచ్చాడు. ఆ పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ "పోతున్న తాతా" అంటే బ్రహ్మయ్య గారు సరిదిద్దలేదు. వంటింటి గుమ్మం పట్టుకుని అదోలా చూశారు. పెద్దాయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు హరిచరణ్.

గురువారం రాత్రి భోజనాల దగ్గర, లాంచ్ చూడ్డానికి శ్రీహరికోట వెళ్తున్నానని, ట్రాఫిక్‌కి భయపడి ఆఫీసుకి తీయని సొంత కారులో వెళ్తున్నానని చెప్పాడు. వెంకటసుబ్బమ్మ గారు చారు వడ్డిస్తున్న గరిటె ఆపారు. కలకత్తాలో యాభై ఏళ్ళుగా లాంచ్ అంటే ఆవిడకి ఒకటే, గంగలో అటూ ఇటూ తిరిగే పడవ.

"లాంచి సూడ్డానికి అంత దూరం ఎందుకు బాబూ? బాబూఘాట్‌కి ఎల్తే రోజంతా తిరుగుతాయి. ఎక్కొచ్చు కూడాను."

ఇది రాకెట్ లాంచ్ అనీ, ఎక్కనివ్వరనీ చెప్పాక, ఎక్కనివ్వని దానికి పదహారు వందల కిలోమీటర్లు ఎందుకో ఆవిడకి అసలే అర్థం కాలేదు. బ్రహ్మయ్య గారు మాత్రం చెయ్యి కడుక్కుని, రాకెట్టు ఎక్కడిదాకా వెళ్తుంది, ఎన్నాళ్ళకి తిరిగొస్తుంది అని అడిగారు. తిరిగి రాదని చెప్పాడు హరిచరణ్. ఆయన వెళ్ళి పడుకున్నారు.

శుక్రవారం పొద్దున్న ఐదు గంటలకి హరిచరణ్ కారు తలుపు తీసేసరికి ముందు సీట్లో బ్రహ్మయ్య గారున్నారు. ఇస్త్రీ చొక్కా, గొడుగు, ఒళ్ళో గుడ్డ సంచీ. గంగ మీది వంతెన దాకా వచ్చి దిగిపోతానన్నారు. పోనీలే, అలవాటే కదా అనుకున్నాడు హరిచరణ్. వంతెన వచ్చింది. వంతెన మీద దిగితే పోలీసులు ఊరుకోరని అవతలి టోల్ గేటు దాకా వచ్చారు. టోల్ గేటు దగ్గర బస్సులు ఆగవని కోలాఘాట్ దాకా వచ్చారు. కోలాఘాట్‌లో కచోరీలు తింటుండగా గుడ్డ సంచీ జారి కింద పడింది. అందులోంచి రెండు పంచెలు, నాలుగు చొక్కాలు, పళ్ళపొడి, ఇరవై రోజులకి సరిపడా బీపీ మాత్రలు బయటికొచ్చాయి.

"గిదేంది తాతా? వంతెన దాకా రావడానికి బీపీ గోలీలెందుకు?"

"ఆ వంతెన శానా ఎత్తు బాబూ" అన్నారు ఆయన, మాత్రలు ఏరుకుంటూ.

ఖరగ్‌పూర్‌లో రైలెక్కించేస్తానని హరిచరణ్ స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. ఆ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం తన వల్ల కాదన్నారు. బాలాసోర్‌లో ఎక్కమంటే రైలు వచ్చే వేళ దాటిపోయిందన్నారు. భద్రక్ దగ్గర భోజనానికి ఆగిన చోట లారీలు వరసగా బయల్దేరుతుంటే ఒక్కొక్క డ్రైవర్నీ రోడ్డు దాకా దిగబెట్టి వచ్చారు. ఒడియావాళ్ళు కూడా వెళ్ళేటప్పుడు వస్తున్నామనే అంటారని ఆ పూట కొత్తగా తెలిసింది ఆయనకి. ఆ ఆనందంలో ఇంకో మూడు లారీలు ఎక్కువ సాగనంపారు.

బరంపురంలో రాత్రికి లాడ్జిలో దిగారు. బ్రహ్మయ్య గారు తన మంచాన్ని లాక్కొచ్చి తలుపుకి అడ్డంగా వేసుకున్నారు. అక్కడ గాలి బాగా వస్తుందట. ఫ్యాను ఆ మూల లేదు, కిటికీ ఆ మూల లేదు. కారు తాళాలు దిండు కింద పెట్టుకున్నారు. పొద్దున్న గడ్డం గీసుకోబోతే హరిచరణ్ బ్లేడు కనిపించలేదు. గోళ్ళు తీసుకునేది కూడా కనిపించలేదు. అడిగితే, గడ్డం నీకు బాగుంటుంది బాబూ, ఉంచెయ్యి అన్నారు పెద్దాయన, మొహం చూడకుండా.

శ్రీకాకుళం దగ్గర టీకి ఆగినప్పుడు హరిచరణ్ పక్కకి వెళ్ళి వెంకటసుబ్బమ్మ గారికి ఫోన్ చేశాడు. తాత ఎంతకీ దిగట్లేదనీ, ఇలా ఐతే తాను ఆదివారం మధ్యాహ్నం గేటు మూసేలోపు చేరలేననీ, కాస్త గట్టిగా చెప్పమనీ బతిమాలాడు. భర్తని గదిలో పెట్టి గడియ వేసిన ఆవిడ ఈసారి ఆయన పక్షమే వహించారు.

"ఉండనీ బాబూ. ఈపాలికి మాత్రం ఆయన్ని నీతోనే ఉండనీ" అని, ఎందుకని అడిగేలోపే పెట్టేశారు.

హరిచరణ్‌కి ఒళ్ళు మండింది. మొత్తం జీవితంలో తనకోసం తాను పెట్టుకున్న ఒక్క ప్రయాణం ఇది. ఒంటరిగా వెళ్ళి, చూసి, ఎవరికీ కనపడకుండా కాసేపు ఏడ్చి, జనగామ దారి పట్టాలనుకున్నాడు. ఇప్పుడు పక్కన డెబ్భై రెండేళ్ళ మనిషి కూర్చుని ప్రతి టోల్ గేటు దగ్గరా చిల్లర ఇచ్చే అమ్మాయిని పేరుపేరునా పలకరిస్తున్నాడు. రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన మీద ఫొటోకి ఆపుదామంటే ససేమిరా వీల్లేదన్నారు. ఆపితే దిగి రోడ్డు మీద పడుకుంటానన్నారు. వంతెన ఉన్నంతసేపూ హరిచరణ్ చొక్కా చేతిని గుప్పిట్లో పట్టుకునే ఉన్నారు. ఇంతా చేసి ఆయన రైలెక్కాల్సిన స్టేషన్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. విజయవాడ దాటాక ఆయనే, ఇక్కడి నుంచి కలకత్తా వెళ్ళడం కన్నా శ్రీహరికోట వెళ్ళడమే దగ్గరని తేల్చేశారు.

ఆ రాత్రి దారిలో ఇంకో లాడ్జిలో ఆగి, ఆదివారం పదిన్నరకి కావలి దాటాక టైరు పంక్చరైంది. బాగుచేసినాయన పేరు శ్రీనివాస రావు, రోడ్డు పక్కన రేకుల షెడ్డు. టైరు బిగించేసి, ఎండలో నడిచి ఇంటికెళ్ళి టిఫిన్ తినొస్తానన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. హరిచరణ్ డబ్బులిచ్చి వెనక్కి తిరిగేలోపు శ్రీనివాస రావు కారు వెనక సీట్లో ఉన్నాడు, పక్కన బ్రహ్మయ్య గారున్నారు. శ్రీనివాస రావు ఊరు హైవే నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి. వాళ్ళావిడ వీళ్ళని కూడా కూర్చోబెట్టి దోసెలు పోసింది. తినేసి, శ్రీనివాస రావు మళ్ళీ షెడ్డుకి బయల్దేరితే ఆయన్ని మళ్ళీ దిగబెట్టాల్సి వచ్చింది. గంట పది నిమిషాలు పోయాయి.

సూళ్ళూరుపేట చేరేసరికి మూడు కొట్టింది. గేటు మూడున్నరకి మూసేస్తారు. ఊరు దాటితే పులికాట్ సరస్సు, దాని మధ్యలోంచి సూటిగా వెళ్ళే రోడ్డు, రోడ్డు నిండా జనం. బస్సుల్లో వచ్చిన బడి పిల్లలు, మోటారు సైకిళ్ళు, ఐస్ బళ్ళు. గేటు ఇంకో అర కిలోమీటరుండగా కారు ఇక కదలదని తెలిసి హరిచరణ్ పక్కన ఆపి దిగి పరుగందుకున్నాడు. వెనక బ్రహ్మయ్య గారు గొడుగుతో సహా పరిగెత్తారు. ఆ వయసులో ఆ పరుగు ఎలా వచ్చిందో ఆయనకే తెలియాలి. గేటు దగ్గరికి చేరేసరికి మూడూ ఇరవై ఐదు. హరిచరణ్ పాసు తీశాడు. గేటు దగ్గరి జవాను అది చూసి లోపలికి రమ్మన్నాడు. అడుగు వేయబోతే ముంజేయి కదల్లేదు. బ్రహ్మయ్య గారు రెండు చేతులతో పట్టుకున్నారు. ఓడ తాళ్ళు పట్టిన చేతులు అవి.

"నువ్వు ఎల్లొద్దు బాబూ."

"ఇడువు తాతా. పాసు ఒక్కటే ఉన్నది. చూసినంక వస్త."

"రావు."

"ఎందుకు రాను?"

"నువ్వే సెప్పినావు. మేడ మీద ఫోన్లో సెప్పినావు, నాను అప్పడాలు ఆరబెడతన్నాను. ఈ రాకెట్టు ఒక్కటి సూసి పోతాను, ఇంక రాను, అయిపోయింది అన్నావు."

హరిచరణ్‌కి వెంటనే వెలగలేదు. అన్న మాట గుర్తుంది. "ఈ రాకెట్ ఒక్కటి చూసి పోత. ఇగ మళ్ళ రాను. అయిపోయింది." ప్రజ్వల్‌కి చెప్పిన మాట అదే. అప్పుడు తలుపుకి అడ్డంగా వేసిన మంచం గుర్తొచ్చింది. బ్లేడు గుర్తొచ్చింది. గోదావరి మీద చొక్కా పట్టుకున్న గుప్పిట గుర్తొచ్చింది.

"పోత అంటే ఇంటికి పోత తాతా. జనగామకు. మా నాయిన దుకాణంల కూసుంట."

"ఇంటికా?"

"ఇంటికే. నువ్వు ఏమనుకున్నవ్?"

"ఏటనుకుంటాను మరి" అన్నారు బ్రహ్మయ్య గారు. ఆయనకి ఇప్పుడు కోపం వస్తోంది. "మనిసి పోతానన్నాడు, రానన్నాడు. కుక్కరు ఇచ్చీసినాడు, పరుపు ఇచ్చీసినాడు. నెల రోజుల్నుంచి అన్నం దగ్గర తలెత్తి మాటాడ్డం లేదు. ఇంట్లో మీ మామ్మ మూడు రాత్రులు ఏడ్చింది. అడిగితే నువ్వు సెప్పే రకం కాదు. నిన్ను ఒంటిగా ఒగ్గీకుండా పక్కనుంటే సాలనుకున్నాను. మూడు రోజులు నిద్దర లేదు నాకు, తెలుసునా?"

హరిచరణ్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉండగా కళ్ళు తడిశాయి. ఆ మాట అన్నప్పుడు తాను జనగామ గురించే అన్నాడు, అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట అన్న గొంతు ఎలా ఉందో ఇప్పుడు తలుచుకుంటే, చాటుగా విన్నవాళ్ళు భయపడటంలో తప్పేమీ కనిపించలేదు. ఆఫీసులో ఇరవై మంది మధ్య కూర్చుంటాడు. నెల రోజులుగా తలెత్తట్లేదని అందులో ఒక్కళ్ళు గమనించలేదు. ఒక్క ఈయన గమనించారు, గమనించి పదహారు వందల కిలోమీటర్లు వచ్చారు.

జవాను గడియారం చూపించాడు. బ్రహ్మయ్య గారు చప్పున చేతులు వదిలేసి, అయితే ఎల్లు ఎల్లు, పరిగెట్టు అని తోశారు. హరిచరణ్ గేటు దాటి పది అడుగులు వేశాడు. తిరిగి చూస్తే ఎండలో గొడుగు విప్పడం కూడా మర్చిపోయి నిలబడి ఉన్నారాయన. చెయ్యి ఊపుతున్నారు. ఈయన్ని ఒక్కణ్ణీ రెండు గంటలు ఇక్కడ వదిలితే రాకెట్ ఎగిరేలోపు తమిళనాడు బస్సుల్ని సాగనంపుతూ చెన్నైలో తేలతాడని హరిచరణ్ తనకి తాను చెప్పుకున్నాడు. అసలు కారణం అది కాదని అతనికీ తెలుసు. వెనక్కి వచ్చేశాడు.

"ఏటి బాబూ, మూసీసినారా?"

"లేదు. ఈడికెల్లి గుడ మంచిగ కనవడ్తదట."

సరస్సు గట్టు మీద బడి పిల్లల పక్కన చోటు చూసుకుని ఇద్దరూ కూర్చున్నారు. సాయంత్రం ఐదున్నరకి ఎవరి ఫోన్లోనో అంకెలు వెనక్కి లెక్కపెట్టడం వినిపించింది. పిల్లలు గొంతు కలిపారు. చెట్ల వరస వెనక నుంచి ముందు వెలుగు వచ్చింది, ఎర్రటి వెలుగు, దాని మీద తెల్లటి కడ్డీ. చప్పుడు లేదు. అది నిదానంగా లేచి, ఇంకా లేచి, మబ్బులోకి దూరుతుండగా అప్పుడొచ్చింది చప్పుడు, నీళ్ళ మీద నుంచి వచ్చి గుండెల్ని తట్టింది. సరస్సులోని కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. హరిచరణ్ నోరు తెరిచే ఉంది. టీవీలో వందసార్లు చూశాడు గానీ, ఇంత బరువైనది నిజంగా నేలని వదిలి వెళ్తుందని ఒళ్ళు నమ్మడం ఇదే మొదటిసారి. పక్కన బ్రహ్మయ్య గారు లేచి నిలబడి, రెండు చేతులూ చాచి, రేవులో గ్యాంగుకి వినిపించేలా అరిచినట్టు అరుస్తున్నారు.

"పోనీ! పోనీయండిరా! పోనీ!"

అది మబ్బులో కలిసిపోయాక కూడా కాసేపు అలాగే నిలబడ్డారు. పోనీ అంటున్నావేంది తాతా, నీకు ఆ మాటే పడదు కదా అని హరిచరణ్ అడిగాడు. ఆయన పంచె దులుపుకుని కూర్చుంటూ, తిరిగి రాని దానితో వెళ్ళొస్తానని ఎలా చెప్పిస్తామని తిరిగి అడిగారు. ఆ వెంటే ఇంకోటి అడిగారు.

"ఈ రాకెట్టు మొదటిపాలే ఎగిరీసిందేటి?"

"అన్నీ ఎగరవు తాతా. కొన్ని సముద్రంల పడ్డయి. మళ్ళ కట్టిన్రు."

"మళ్ళీ కట్టినోళ్ళు ఆళ్ళేనేటి?"

"ఆళ్ళే."

ఆయన తలూపి, ఐస్ బండివాణ్ణి పిలిచారు.

తిరుగు దారిలో సరస్సు రోడ్డు మీద వేల బండ్లు ఒక్కసారి కదలబోయి ఒక్కటీ కదలలేదు. ఇంకా వెలుతురుంది. హరిచరణ్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు ముందు కారు వెనక అద్దం వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తీశాడు. రెండుసార్లు మూసేసిన ఫారంలో పేరు అలాగే ఉంది. పుట్టిన తేదీ కొట్టాడు, చదువు కొట్టాడు. ఉత్తరాలు పంపాల్సిన చిరునామా అని ఉన్న చోట ఆగాడు.

"తాతా, మన ఇంటి పిన్ కోడ్ ఎంత?"

బ్రహ్మయ్య గారికి పిన్ కోడ్ తెలియదు. అది లేకపోయినా పర్లేదనీ, పోస్టుమేన్ సంచీ ఖాళీ అయ్యాక అతన్ని రోజూ పోస్టాఫీసు దాకా దిగబెట్టేది తనేననీ, కవరు మీద తన పేరుంటే చాలు ప్రపంచంలో ఏ మూల నుంచైనా ఉత్తరం వచ్చేస్తుందనీ చెప్పారు. ఫారం ఒప్పుకోదని చెప్తే వెంకటసుబ్బమ్మ గారికి ఫోన్ చేశారు. ఆవిడ కరెంటు బిల్లు వెతికి అంకెలు చదివి, ముందు పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగారు. పోవడమంటే ఇంటికి వెళ్ళడమట అని భర్త చెప్పగా విని, ఆ తెలంగాణవాళ్ళకి ఇంకో మాటే దొరకలేదా అని ఇద్దర్నీ కలిపి తిట్టి, ఇంటికి ఎప్పుడు బయల్దేరుతున్నారని అడిగారు. రేపొద్దున్నే అన్నాడు హరిచరణ్.

ముందు బండి ఒక గజం కదిలింది, ఆగింది. ఫారంలో ఆఖరి గడి పరీక్ష ఏ ఊళ్ళో రాస్తావని అడుగుతోంది. కలకత్తా, హైదరాబాదు, ఇంకో పది ఊళ్ళు.

బ్రహ్మయ్య గారు సీట్లోంచి ముందుకి ఒంగారు. "కలకత్తా పెట్టు బాబూ. సెంటరు దాకా నాను దిగబెడతాను."

"గేటు దాకనే తాతా."

"గేటు దాకే" అన్నారు ఆయన వెంటనే.

హరిచరణ్ కలకత్తా నొక్కాడు. నొక్కాక, ఆ రోజు పరీక్ష హాల్లో కాగితాలు పంచబోయే మనిషెవరో గానీ, అతని మీద ఇప్పట్నుంచే జాలేసింది.